ఏ ఊళ్లో, ఏ రోజున, ఏ మొక్క మీద

1961లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాలలో నేను నేర్చుకున్న వాటిలో ఉద్యోగ జీవితమంతా నాకు తోడుగా నిలిచింది కీటక శాస్త్ర విభాగంలో పట్టుబడిన ఒక అలవాటు: పురుగు పేరు కంటే ముందు అది తింటున్న మొక్క పేరు రాసుకోవడం. ఊరు, తేదీ, పట్టినవారి పేరు, మొక్క పేరు రాసిన చిన్న చీటీని, పురుగును గుచ్చిన సూదికే గుచ్చనిదే మా సారు ఏ పురుగునూ నమూనాల పెట్టెలోకి రానిచ్చేవారు కారు. ఎంత అందంగా రెక్కలు పరిచి ఆరబెట్టినా, చీటీ లేకపోతే ఆయన దృష్టిలో అది నమూనా కాదు. ఆ పట్టుదల ఎంత విలువైనదో నాకు పొలాల్లో తిరగడం మొదలుపెట్టాక పూర్తిగా అర్థమైంది.

పెంకు పురుగుకు కుడి ముందు రెక్క మీదుగానే సూది గుచ్చాలనీ, అప్పుడే ఎడమ సగం చెక్కుచెదరకుండా గుర్తింపుకు మిగులుతుందనీ ఆయన చేతులు పట్టుకుని నేర్పారు. పేనుబంక, పిండినల్లి వంటి మెత్తని వాటిని ఆల్కహాలులో ఉంచేవాళ్లం. మామిడి పూత మీద ఎగిరే తేనె మంచు పురుగులను త్రికోణపు అట్టముక్క కొనకు జిగురుతో అంటించేవాళ్లం. బంగారుపాళెం, దామలచెరువు వైపు తోటల్లో రైతులందరూ ఒకే పేరుతో పిలిచే ఆ పురుగుల్లో కనీసం మూడు జాతులున్నాయన్న సంగతి భూతద్దం కింద పెట్టినప్పుడే తెలిసింది. రొమ్ము వెనుక, రెక్కల మొదట్లో ఉండే చిన్న ముక్కోణపు పలక మీద ఇడియోస్కోపస్ నివియోస్పార్సస్ అనే జాతికి మూడు మచ్చలుంటాయి, రెక్కలకు అడ్డంగా తెల్లని పట్టీ ఉంటుంది. ఇడియోస్కోపస్ క్లిపియాలిస్‌కు రెండే మచ్చలు, మూడింటిలోకీ చిన్నది అదే. అమ్రిటోడస్ అట్కిన్సోనీకీ రెండు మచ్చలే గాని అది అన్నిటికంటే పెద్దది. పూత రాలి, ఆకులకు మసి పట్టిన తోటలో నిలబడి 'తేనె మంచు వచ్చింది' అని మాత్రమే రాసుకుని వచ్చేస్తే, ఆ ఏడాది ఆ తోటలో వాటిలో ఏది ఎక్కువగా ఉందో తరువాత ఎవరూ చెప్పలేరు.

మొక్క మీద కనిపించిన ప్రతి పురుగూ ఆ మొక్కను తినేదే అనుకోకూడదని సారు పదే పదే హెచ్చరించేవారు. వాలి ఉన్నది, తింటున్నది, గుడ్లు పెట్టినది అని మూడు రకాలుగా విడదీసి రాయించేవారు. గొంగళి దశలో దొరికిన వాటిని అదే మొక్క ఆకులు వేసి, రెక్కల పురుగు బయటికి వచ్చేదాకా పెంచమనేవారు. వేరుశనగ చేలో ముడుచుకున్న ఆకులు తెచ్చి సీసాల్లో పెట్టి మూతికి పల్చని గుడ్డ కడితే, కొన్నిటిలోంచి ఆకుముడత పురుగు రెక్కల దశ వచ్చేది, కొన్నిటిలోంచి దానిని లోపలే తినేసిన చిన్న కందిరీగ వచ్చేది. ఆ కందిరీగకూ చీటీ రాయాలి. పైరును కాపాడుతున్నది ఎవరో తెలియకుండా మందు కొట్టమని రైతుకు ఎలా చెబుతాం?

ఎర్ర గొంగళి పురుగు విషయంలో తేదీయే ప్రాణం. వేసవి అంతా నేలలో కోశస్థ దశలో ఉండి, తొలకరి వాన పడిన రెండు మూడు రోజులకే దాని తల్లి పురుగులు (రెక్కల దశవి) దీపాల చుట్టూ చేరతాయి కాబట్టి, వాన పడిన రోజునూ దీపపు ఎరలో పురుగు పడిన రోజునూ పక్కపక్కన రాసిన పుస్తకం ఆ ఊరికి ముందస్తు హెచ్చరిక అవుతుంది.

ఆనాటి చీటీల అవసరం ఇటీవల మరింత పెరిగింది. టమాటా ఆకును, కాయను తొలిచే ట్యూటా అబ్సొల్యూటా 2014లోనూ, మొక్కజొన్న కత్తెర పురుగు 2018లోనూ మన దేశంలో బయటపడ్డాయి. కత్తెర పురుగు తల మీద తిరగబడిన 'వై' ఆకారపు గీత, తోక దగ్గరి ఖండంపై చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు ఫోన్ ఫొటోలోనైనా స్పష్టంగా కనబడతాయి. చాలా చిన్నవైన తామర పురుగులను (త్రిప్స్) మాత్రం ఫొటో చూసి నిర్ధారించకూడదు, వాటికి స్లైడు, సూక్ష్మదర్శిని తప్పవు. ఇటువంటి కొత్త పురుగు మన చేలలోకి ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నకు పాత పెట్టెలూ, పాత సర్వే పుస్తకాలే ఆధారం.

మరొక చిక్కు కూడా ఉంది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి, అంతకు ముందు శ్రీకాళహస్తిలో పట్టిన పురుగు చీటీ మీద 'చిత్తూరు జిల్లా' అనే ఉంటుంది. జిల్లా పేరు ఒక్కటే రాసిన చీటీలు ఇప్పుడు ఏ ప్రాంతానివో తేల్చలేం. ఊరు, మండలం రాసినవే నిలిచాయి.

వ్యవసాయాధికారులుగా, పరిశోధకులుగా, రైతులుగా ఈ జిల్లాల్లో పనిచేసిన మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో ఇలాంటి పెట్టెలు, క్షేత్ర పుస్తకాలు ఇంకా ఉండే ఉంటాయి. నాఫ్తలీన్ ఉండలు అయిపోయి, ఎండిన నమూనాలను తినే పెంకు పురుగులు పెట్టెలో చేరకముందే వాటిని మన కళాశాల కీటక శాస్త్ర విభాగానికి అందజేయమని ప్రార్థిస్తున్నాను. చీటీ వెలిసిపోయి ఉంటే కొత్తది రాసి అదే సూదికి, పాతదాని కింద గుచ్చండి. పాత చీటీని మాత్రం తీయవద్దు.