రెడాన్ కళ్ళు, రొయ్య సీడు

ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ బొమ్మలు చూపిస్తే మా బామ్మర్ది మొదట అడిగిన మాట, "ఇదేంది బావా, క్షుద్రపూజల బొమ్మలా?" అని. అట్లా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఈ పోస్టు.

అతను అనుకోవడంలో వింతేమీ లేదు. 1889లో ఈఫిల్ టవర్ లేచిన పారిస్‌లోనే ఆ రోజుల్లో మంత్రవిద్యలు, కబాలా అనే యూదుల మార్మిక విద్య, రహస్య సంఘాలు జోరు మీదున్నాయి. ఎలిఫాస్ లెవీ అనే పేరుతో ఒకాయన, చర్చి ఫాదర్ కావాల్సినవాడు మధ్యలో మానేసి, 1850ల్లో మంత్రశాస్త్రం మీద పుస్తకాలు రాస్తే తర్వాతి తరం కవులూ చిత్రకారులూ వాటిని వదల్లేదు. చర్చి పట్టు సడలింది, సైన్సు ఇచ్చిన జవాబులు మనసుకు ఆనలేదు, మధ్యలో ఆ ఖాళీలోకి ఇదంతా వచ్చి కూర్చుంది. 1886లో జాన్ మొరెయాస్ అనే కవి ఫిగారో పత్రికలో సింబలిజం మానిఫెస్టో రాశాడు, అంటే కంటికి కనిపించేదాన్ని కాక లోపలి భావాన్ని ప్రతీకలతో చెప్పాలనే ఉద్యమానికి ప్రకటన. జోసెఫిన్ పెలదాన్ అనే రచయిత అయితే బాబిలోన్ రాజుల బిరుదొకటి తగిలించుకుని, రోజ్ క్రువా (గులాబీ శిలువ) పేరుతో సొంత మార్మిక సంఘం పెట్టి, 1892 నుంచి 1897 దాకా ఏటా చిత్రప్రదర్శన నడిపాడు. ఎరిక్ సాటీ అనే సంగీతకారుడు దానికోసం సంగీతం కూడా కట్టాడు. రోజువారీ బతుకు బొమ్మలు వద్దు, పళ్ళూ కుండల బొమ్మలు వద్దు, ఆడవాళ్ళు వేసినవి అసలే వద్దు, ఇవీ పెలదాన్ రూల్స్. ఆ చివరిది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఆ ప్రదర్శనల్లో రెడాన్ బొమ్మలు లేవు. నన్నడిగితే ఆ కాలం మొత్తంలో అసలైన మాయ ఉన్నది ఈయన దగ్గరే, ఆ మాయ ఏ మంత్రం నుంచీ రాలేదు.

రెడాన్ బోర్డో ఊళ్ళో 1840లో పుట్టాడు. కుర్రతనంలో ఆయనకు అర్మాన్ క్లావో అనే వృక్షశాస్త్రవేత్త పరిచయమయ్యాడు. చెట్టుకీ జంతువుకీ మధ్య గీత ఎక్కడుందో తేలని జీవాల మీద క్లావో పని చేసేవాడు, వాటి గురించి ఈ కుర్రాడికి చెప్పేవాడు, చదవమని పుస్తకాలిచ్చేవాడు, వాటిలో మన దేశపు కావ్యాలు కూడా ఉన్నాయి. 1890లో క్లావో ఆత్మహత్య చేసుకుంటే, మరుసటి ఏడు రెడాన్ ఒక లితోగ్రాఫుల (రాతి మీద గీసి అచ్చువేసే బొమ్మల) ఆల్బమ్ ఆయన జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. ఈ స్నేహం తెలియకుండా ఆ బొమ్మలు చూస్తే అవి పీడకలల్లాగే కనిపిస్తాయి.

నాకు ఇది బాగా ఎక్కింది మాత్రం మా నెల్లూరు వైపు ఒక రొయ్యల ల్యాబులో. తెలిసినాయన గుంటలకి సీడు, అంటే రొయ్య పిల్లలు, తెచ్చుకునే ముందు చెక్ చేయించుకుంటుంటే ఊరికే తోడెళ్ళాను. మైక్రోస్కోప్ కింద చూస్తే రొయ్య పిల్ల ఒళ్ళంతా గాజులా ఉంది, లోపల పేగు నల్లటి దారంలా పైనుంచి కిందికి సాగింది, తల దగ్గర రెండు పెద్ద నల్ల కళ్ళు, అవి నన్నే చూస్తున్నట్టున్నాయి. పేగు నిండుగా ఉందా లేదా అని టెక్నీషియన్ తన లెక్క తను చూసుకుంటున్నాడు, నాకేమో ఒంటి మీద రోమాలు లేచాయి, ఎందుకంటే అచ్చం రెడాన్ బొమ్మే కదా అది!

రెడాన్ బొగ్గు పని కూడా అలాంటిదే. కాగితానికి బొగ్గు దట్టంగా పట్టించి, వేలితో, గుడ్డతో తుడుస్తూ నలుపులోంచి వెలుతురును బయటికి తీస్తాడు. అందుకే ఆ కళ్ళు గీసినట్టు ఉండవు, చీకట్లోంచి మెల్లగా తేలి మన వైపు వచ్చినట్టు ఉంటాయి. 1881లో వేసిన నవ్వే సాలీడుకి పది కాళ్ళుంటాయి, ఆ రెండు ఎక్కువ కాళ్ళ వల్లే అది ఏ పుస్తకంలోనూ దొరకని ప్రాణి అయింది, అయినా ఒంటి మీది నూగు చూడండి, నిజం సాలీడును దగ్గర్నుంచి చూడనివాడికి ఆ నూగు చేతికి రాదు.

పెలదాన్ దగ్గర బొమ్మలు పెట్టినవాళ్ళలో డెల్విల్, ఖ్నాఫ్ లాంటి గట్టివాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను. ముందు రెడాన్ 1883లో వేసిన "ఆరిజిన్స్" ఎనిమిది ప్లేట్లూ వరుసగా చూడండి, ఫోన్లో వద్దు, కాస్త పెద్ద స్క్రీన్ మీద. అందులో ఒక మొక్క ఉంటుంది, పువ్వు ఉండాల్సిన చోట కన్ను ఉంటుంది. చూపు అనేది మొదట పువ్వులోనే మొదలైందేమో అని దాని కింద రాసుకున్నాడాయన.