వెక్టర్ బొమ్మకు పాత అచ్చు గరుకుదనం: ఆ మచ్చ ఎప్పుడు పడిందో ముందు తేల్చుకోండి

వెక్టర్‌లో, అంటే పిక్సెళ్లతో కాక గీతల లెక్కలతో, గీసిన బొమ్మకు అంచులు నున్నగా ఉంటాయి, రంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే చిక్కదనంతో ఉంటుంది. చెక్క అచ్చుతో అద్దిన గుడ్డ మీదో పాత లేబుల్ మీదో కనిపించే జీవం దానికి రావాలని చాలామంది నెట్‌లో దొరికిన గ్రంజ్ టెక్స్చర్ (మరకలు, గరుకు గుర్తులున్న బొమ్మ) ఒకటి దించుకుని బొమ్మ మొత్తం మీద పరిచేస్తారు. అప్పుడు అది పాత అచ్చులా ఉండదు, దుమ్ము పట్టిన అద్దం వెనక పెట్టిన కొత్త బొమ్మలా ఉంటుంది.

ఎందుకంటే ముద్రలో లోపాలు రెండు వేళల్లో పడతాయి. అచ్చు వేసేటప్పుడే పడేవి కొన్ని: రంగు చాలకపోవడం, అచ్చు సరిగా ఆనకపోవడం, నేత గుంటల్లోకి రంగు దిగకపోవడం. ఇవి ఒక్కో రంగుకు విడివిడిగా జరుగుతాయి. ఎరుపు అంటని చోట కింద ముందే వేసిన పసుపు బయటపడుతుంది. అచ్చయ్యాక పడేవి మరికొన్ని: రాపిడి, మడత, తడి. ఇవి రంగులన్నిటినీ కలిపి లేపేస్తాయి, అక్కడ ఒట్టి కాగితమే మిగులుతుంది. మొదటి రకానికి ప్రతి రంగు లేయర్‌కీ (పొరకీ) వేరే టెక్స్చర్ కావాలి. రెండో రకానికి అన్ని లేయర్లనూ గ్రూప్ చేసి దాని మీద ఒకే టెక్స్చర్ వేయాలి. ఈ తేడా తెలియకుండా ఎంత ఖరీదైన టెక్స్చర్ ప్యాక్ కొన్నా పని జరగదు.

చూసి నేర్చుకోవడానికి మన దగ్గర పెడన ఉంది. శ్రీకాళహస్తి కలంకారీని కలంతో గీస్తారు, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రేఖకు ఒక అచ్చు, లోపల నింపడానికి వేరే అచ్చులు. అద్దిన గుడ్డను దగ్గరగా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. వెడల్పాటి భాగంలో రంగు మధ్యలో పలచగా, అంచున చిక్కగా ఉంటుంది. నింపిన రంగు రేఖలోంచి కొంచెం పక్కకు జరిగి ఉంటుంది, జరిగితే ఆ అచ్చులోని భాగాలన్నీ ఒకే వైపుకు జరుగుతాయి. అచ్చు మూల విరిగి ఉంటే ఆ లోపం ప్రతి అద్దకంలోనూ అదే చోట వస్తుంది, రంగు చాలక వచ్చిన తెల్ల మచ్చలు మాత్రం ఏ రెండు అద్దకాల్లోనూ ఒకేలా ఉండవు. బొమ్మలో ఒకే పువ్వు పదిసార్లు వస్తుంటే ఈ చివరి విషయం చాలా ముఖ్యం. రేకు అంచున సొట్టను అసలు పువ్వులోనే గీసి కాపీలు తీయండి. మచ్చలను మాత్రం కాపీలన్నీ పరిచాక, మొత్తం మీద వేయండి.

ఇక పనిలోకి దిగుదాం. 10×7 సెంటీమీటర్ల పచ్చడి లేబుల్ అనుకోండి: మామిడికాయ, ఆకు, ఎర్ర మిరపకాయ, పైన నల్ల రేఖ, కింద మీగడ రంగు కాగితం. అడోబీ ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో రంగుకో లేయర్ పెట్టండి. టెక్స్చర్ కంటే ముందు అంచుల సంగతి చూడాలి, ఎందుకంటే నున్నటి అంచు లోపల గరుకు మచ్చలు ఉంటే కంటికి వెంటనే దొరికిపోతుంది. ఎఫెక్ట్ మెనూలో డిస్టార్ట్ అండ్ ట్రాన్స్‌ఫార్మ్ కింద రఫెన్ ఉంటుంది, అంచును గరుకు చేసేది అదే. సైజును రిలేటివ్‌లో వదిలేయకుండా అబ్సల్యూట్‌లో పెట్టి 0.3 పాయింట్ దగ్గర మొదలెట్టండి. డిటైల్ అంగుళానికి 30 నుంచి 50, పాయింట్స్ స్మూత్. రిలేటివ్‌లో ఉంటే పెద్ద ఆకుకు పెద్ద వంకరలు, చిన్న మిరపకాయకు చిన్న వంకరలు వస్తాయి. ఒకే చెక్కతో అచ్చయిన రెండు ఆకారాలు అలా ఉండవు.

రఫెన్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. పక్కపక్కనే ఆనుకున్న రెండు ఆకారాల అంచులు వేర్వేరుగా కదులుతాయి కాబట్టి మధ్యలో సన్నని సందులు పడతాయి. కింది రంగును పై రంగు కిందకు 1 మిల్లీమీటర్ దాకా చొప్పించి గీస్తే సందు కనిపించదు. ఆ తర్వాత ఒక్కో రంగు లేయర్‌ను మొత్తంగా 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ పక్కకు జరపండి. ఎరుపు కుడికి జరిగితే పచ్చ కిందకు జరగనివ్వండి. లేబుల్ కొలతలో 1 మిల్లీమీటర్ దాటితే పాత అచ్చులా కాదు, తప్పుగా వేసిన అచ్చులా కనిపిస్తుంది. ఫైల్‌ను తర్వాత పెంచినా తగ్గించినా ప్రిఫరెన్సెస్‌లో స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్ టిక్ పెట్టి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బొమ్మ పెరుగుతుంది, గరుకు మాత్రం 0.3 పాయింట్ దగ్గరే ఆగిపోతుంది.

టెక్స్చర్‌ను సొంతంగా తయారు చేసుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. నల్ల ఇంకును రబ్బరు రోలర్‌కు పూసి, ముందు చిత్తు కాగితం మీద రెండుసార్లు దొర్లించి, రోలర్ సగం ఎండాక గరుకు కాగితం మీద ఒక్కసారి దొర్లించండి. చెక్క అచ్చు పోలికకు ఇంతకంటే మంచిది నాకు తెలియదు. రాపిడి గుర్తులు కావాలంటే సిమెంటు గచ్చు మీద కాగితం పరిచి నల్ల క్రేయాన్‌ను అడ్డంగా పెట్టి రుద్దండి. మడతలకైతే నల్లగా తీసిన జిరాక్స్‌ను నలిపి, విప్పి, మడత గీతల మీద శాండ్‌పేపర్‌తో ఒకసారి రుద్దితే సరిపోతుంది. వీటిని 600 డీపీఐలో, గ్రేస్కేల్‌లో స్కాన్ చేయాలి. ఏ4 కాగితం 4960×7016 పిక్సెళ్లు వస్తుంది. గ్రేస్కేల్‌లో దాదాపు 35 ఎంబీ, ఒక బిట్‌కు (బూడిద రంగు లేని ఒట్టి నలుపు తెలుపుకు) మార్చాక 4.4 ఎంబీ లోపే.

సున్నం గోడ ఫొటో తీసుకుంటే ఒక మూల వెలుగు, ఒక మూల నీడ ఉంటుంది. అలాగే థ్రెషోల్డ్ వేస్తే, అంటే ఒక హద్దు పెట్టి ముదురువన్నీ నలుపు, లేతవన్నీ తెలుపు చేస్తే, సగం నల్లగా ముద్దయిపోతుంది, సగం తెల్లగా ఖాళీ అవుతుంది. ముందు ఫొటోషాప్‌లో ఫిల్టర్, అదర్, హై పాస్‌కు వెళ్లి రేడియస్ 40 నుంచి 80 పిక్సెళ్లు ఇవ్వండి. నీడల తేడా సమమై మచ్చలు మాత్రమే మిగులుతాయి. తర్వాత లెవెల్స్‌తో నలుపు తెలుపులను విడదీసి, ఇమేజ్, మోడ్, బిట్‌మ్యాప్‌లో 50 శాతం థ్రెషోల్డ్ ఎంచుకుని టిఫ్‌గా దాచుకోండి. టెక్స్చర్‌లో నలుపు అంటే రంగు పోవాల్సిన చోటు. రోలర్ ముద్రలోనూ నలిపిన జిరాక్స్‌లోనూ నలుపే రంగు కాబట్టి వాటిని ఇన్వర్ట్ చేయాలి (నలుపు తెలుపులను తారుమారు చేయాలి). ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు.

ఇలా తీసిన ఒక బిట్ టిఫ్‌ను ఇలస్ట్రేటర్‌లో ప్లేస్ చేస్తే తెల్ల పిక్సెళ్లు పారదర్శకంగా ఉంటాయి, నల్ల పిక్సెళ్లకు స్వాచ్‌లోంచి ఏ రంగైనా ఇవ్వొచ్చు. దానికి కాగితం రంగు ఇచ్చి బొమ్మ మీద పెట్టేయడం అన్నిటికంటే తేలిక. కానీ నేపథ్యం రంగు మారిన రోజున ఆ మచ్చలన్నీ పాత రంగులో తేలతాయి. అందుకని ఒపాసిటీ మాస్క్ వాడండి, అది బొమ్మను చెరపకుండా కొన్ని చోట్ల దాచిపెట్టే తెర లాంటిది.

రంగు లేయర్‌లోని వస్తువులను కంట్రోల్+జితో గ్రూప్ చేయండి. టెక్స్చర్‌ను సరైన చోట పెట్టి, ఎంబెడ్ చేసి, కట్ చేయండి. గ్రూప్‌ను ఎంచుకుని ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో మేక్ మాస్క్ నొక్కండి. బొమ్మ మొత్తం మాయమైతే కంగారు పడకండి, క్లిప్ టిక్ తీసేస్తే తిరిగి వస్తుంది. ఆ ప్యానెల్‌లో కుడివైపున్న మాస్క్ చిన్న బొమ్మ మీద నొక్కి కంట్రోల్+షిఫ్ట్+వి కొడితే టెక్స్చర్ అదే చోట మాస్క్‌లో పడుతుంది. మాస్క్‌లో నలుపు దాచేస్తుంది, తెలుపు చూపిస్తుంది, బూడిద రంగు సగం చూపిస్తుంది. ముద్రలో సగం పారదర్శకమైన ఇంకు మచ్చ అరుదు కాబట్టి బూడిద రంగు లేకుండా చూసుకోవాలి, ఒక బిట్ ఫైల్ వాడమన్నది అందుకే. పని అయ్యాక ఎడమవైపు బొమ్మ మీద నొక్కి బయటికి రావాలి. ఇది మరిచిపోతే ఆ తర్వాత గీసేదంతా మాస్క్ లోపల పడుతుంది, కొత్త ఆకారాలు ఎందుకు కనిపించడం లేదో అర్థం కాదు. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద నొక్కితే మాస్క్ ఒక్కటే కనిపిస్తుంది, షిఫ్ట్‌తో నొక్కితే తాత్కాలికంగా ఆగుతుంది. రెండు చిన్న బొమ్మల మధ్య ఉన్న గొలుసు గుర్తు తీసేస్తే టెక్స్చర్‌ను విడిగా జరపొచ్చు, తిప్పొచ్చు.

పచ్చకూ ఎరుపుకూ ఒకే టెక్స్చర్ పెడితే దాన్ని 90 లేదా 180 డిగ్రీలు తిప్పండి. లేకపోతే మచ్చలు రెండు రంగుల్లోనూ ఒకేచోట పడి, అచ్చులో వచ్చిన లోపం కాస్తా రాపిడిలా కనిపిస్తుంది. రాపిడి కూడా కావాలంటే నాలుగు లేయర్లనూ కలిపి ఒక గ్రూప్ చేసి, దానికి ఇంకో మాస్క్ ఇవ్వండి. అది మూలల్లోనూ అంచుల్లోనూ మడతల మీదా గుమిగూడాలి, నడిమధ్య తక్కువ ఉండాలి. ఎంత పోవాలి? నా లెక్కలో రంగు విస్తీర్ణంలో పదో వంతు చాలు, ఆరో వంతు దాటితే బొమ్మ కంటే మచ్చలే ముందు కనిపిస్తాయి. బొమ్మలోని అతి సన్నని గీత మందంలో సగానికి మించిన మచ్చ దాని మీద పడకూడదు. కళ్ల మీద, ముఖం మీద పడ్డ మచ్చలను మాస్క్ లోపలికెళ్లి తెల్లటి ఆకారంతో కప్పేయండి, టెక్స్చర్ చెడిపోదు.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ అక్షరానికి మచ్చ పడితే అందం తగ్గుతుందేమో గానీ సాధారణంగా మరో అక్షరం అయిపోదు. తెలుగులో ఒక్క చుక్కతో అక్షరమే మారిపోతుంది. ‘ధ’ కింద ఉండే చిన్న గీత ఎగిరిపోతే ‘ధర’ కాస్తా ‘దర’. ‘థ’ నడుమ చుక్క పోతే ‘కథ’ కాస్తా ‘కధ’. గుడి దీర్ఘం మెలిక అరిగితే ‘తీపి’ వెళ్లి ‘తిపి’ అవుతుంది. ఇంకు చిందిన చుక్కలు పైన చల్లితే ఉల్టా జరుగుతుంది: ‘ర’ కడుపులో చుక్క పడితే అది ‘ఠ’, ‘రసం’ చూసినవాడు ‘ఠసం’ చదువుతాడు. కాబట్టి అక్షరాలను కంట్రోల్+షిఫ్ట్+ఓతో ఔట్‌లైన్లుగా మార్చి, వాటికి విడి లేయర్, విడి మాస్క్ పెట్టండి. బొమ్మకు వాడిన టెక్స్చర్‌నే సగం సైజుకు తగ్గించి వేయండి. తర్వాత 200 శాతం జూమ్‌లో ఒక్కో అక్షరం చదువుతూ వెళ్లండి. ఒత్తులు, సున్నా, తలకట్టు చివర, గుడి, ఈ నాలుగింటి మీద తెల్ల ఆకారాలు కప్పాల్సిన పని దాదాపు ప్రతిసారీ ఉంటుంది. మనం రాసిన మాట మనకు తెలుసు కాబట్టి లోపం మన కంటికి ఆనదు, ఆ మాట తెలియని ఇంకొకరితో చదివించడం మంచిది.

మాస్క్‌లో ఉన్నది బిట్‌మ్యాప్ (పిక్సెళ్ల బొమ్మ) కాబట్టి ఆ ఫైల్ పూర్తి వెక్టర్ కాదు. ఆఫ్‌సెట్ ముద్రణకు దాంతో ఇబ్బంది లేదు, అచ్చు సైజులో 600 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) మిగిలితే చాలు, 1200 ఉంటే ఇంకా మంచిది. 600లో స్కాన్ చేసినదాన్ని రెట్టింపు పెంచితే 300కు పడిపోతుందని గుర్తుంచుకోండి, మచ్చల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లో స్టాక్ సైట్ వాళ్లో అసలైన వెక్టర్ కావాలంటే ఇమేజ్ ట్రేస్ చేయాలి, అంటే పిక్సెళ్ల బొమ్మను గీతలుగా మార్చాలి. మోడ్ బ్లాక్ అండ్ వైట్, థ్రెషోల్డ్ 128, తెలుపును వదిలేయమనే గడిలో టిక్. అన్నిటికంటే ముఖ్యమైన అంకె నాయిస్. ఎన్ని పిక్సెళ్ల విస్తీర్ణం కంటే చిన్న మచ్చలను వదిలేయాలో అది చెబుతుంది. టీషర్ట్ మీద స్క్రీన్ ప్రింట్‌లో 0.3 మిల్లీమీటర్ కంటే చిన్న రంధ్రం ఇంకుతో పూడిపోతుంది, అంత చిన్న చుక్క స్టెన్సిల్ కడిగేటప్పుడే ఊడిపోతుంది. 600 పీపీఐలో 0.3 మిల్లీమీటర్ అంటే 7 పిక్సెళ్లు, అంత వ్యాసమున్న చుక్క విస్తీర్ణం దాదాపు 40. నాయిస్ 40 పెడితే అచ్చులో ఎలాగూ నిలవనివి ముందే పోతాయి, ఫైల్ కూడా తేలికవుతుంది. ప్యానెల్ అడుగున యాంకర్ల (గీతలను పట్టి ఉంచే బిందువుల) లెక్క కనిపిస్తుంది. అది 20,000 దాటితే నాయిస్ పెంచండి, లేదా ట్రేస్‌కు ముందు ఫొటోషాప్‌లో మీడియన్ ఫిల్టర్ 3 పిక్సెళ్లు వేయండి.

ట్రేస్‌ను ఎక్స్‌పాండ్ చేసి, కంట్రోల్+8తో ఒకే కాంపౌండ్ పాత్ చేసి, పాత్‌ఫైండర్‌లో మైనస్ ఫ్రంట్ కొట్టాలి. మైనస్ ఫ్రంట్ అన్నిటికంటే కింద ఉన్న ఒక్క వస్తువులోంచే కోస్తుంది, నాలుగు రంగులను కలిపి ఎంచుకుని కొడితే మూడు రంగులు పోతాయి. ఒక్కో రంగును ముందు యునైట్ చేసి, టెక్స్చర్ కాపీతో విడిగా కోయండి. కోశాక వెనక్కి రావడం కష్టం కాబట్టి మాస్క్ ఉన్న ఫైల్‌ను వేరే పేరుతో భద్రం చేసుకోవాలి. నల్ల టీషర్ట్ మీద రంగుల కింద తెల్ల పూత వేస్తారు కదా, కోసిన మచ్చలు ఆ పూతలోనూ అదే చోట ఉండాలి. లేకపోతే మచ్చలన్నీ నల్లగా కాక తెల్లగా మెరుస్తాయి.

ఇంక్‌స్కేప్ వాడేవాళ్లకు పాత్ మెనూలో ట్రేస్ బిట్‌మ్యాప్, ఆపైన కంబైన్, డిఫరెన్స్ ఇదే పని చేస్తాయి. దాని మాస్క్‌లో మాత్రం క్లిప్ తీసే వీలు లేదు, ఖాళీ చోటంతా దాగిపోతుంది. టెక్స్చర్ వెనక తెల్లటి దీర్ఘచతురస్రం పెట్టి, రెండింటినీ గ్రూప్ చేసి, బొమ్మ పైన ఉంచి, అప్పుడు ఆబ్జెక్ట్, మాస్క్, సెట్ ఇవ్వండి.

వెబ్‌కు ఎస్వీజీగా ఇచ్చేటప్పుడు 20,000 యాంకర్ల టెక్స్చర్ ఒక్కటే ఐదారు వందల కేబీ తూగుతుంది, అంతకంటే పీఎన్‌జీ నయం. వినైల్ స్టిక్కర్ కటింగ్‌కైతే ఈ పద్ధతే వద్దు. కోసిన ప్రతి చుక్కనూ చేత్తో పీకాలి కాబట్టి 2 మిల్లీమీటర్లకు తగ్గని నాలుగైదు పెద్ద సొట్టలతో సరిపెట్టండి. ఫ్లెక్సీకి లేబుల్ కొలత మచ్చలు పదడుగుల దూరం నుంచి కనిపించవు, టెక్స్చర్‌ను బొమ్మతో పాటు పెంచాక ఇంకో రెండు మూడింతలు పెంచాలి. ఫ్లెక్సీ షాపుల్లో కోరల్ డ్రా వాడకం ఎక్కువ. ఇలస్ట్రేటర్ మాస్క్ అందులో సరిగా తెరుచుకుంటుందన్న భరోసా లేదు. వాళ్లకు కోసేసిన వెక్టర్‌ను పీడీఎఫ్‌గా ఇవ్వండి, పక్కనే అది ఎలా కనిపించాలో చూపే జేపెగ్ ఒకటి పెట్టండి.