పాతిక గ్రాముల పిట్ట

కాకినాడ, అక్టోబరు, ఆదివారం.

పోటు ఎప్పుడో చూసుకోకుండా బయల్దేరడం నాకు అలవాటే. ఆరింటికల్లా కుంభాభిషేకం రేవు దగ్గరికి చేరి ఏం లాభం? నీళ్లు గట్టుదాకా ఉన్నాయి, పిట్ట అన్నది లేదు. బండి మీదే కూర్చుని ఫ్లాస్కులో టీ అంతా ఖాళీ చేశాను.

ఏడు దాటాక నీరు లాగడం మొదలైంది. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం ఉండబట్టి ఇక్కడ కెరటాల జోరు తక్కువ. గోదావరి ఒండ్రు పేరుకుని మైదానంలా ఉంటుంది. ఆ బురద తేలేకొద్దీ, అప్పటిదాకా ఎక్కడున్నాయో గానీ, పిట్టలన్నీ నీటి అంచు వెంటే దిగిపోయాయి. కర్లూలు, ప్లోవర్లు, వాటి కాళ్ల మధ్య లిటిల్ స్టింట్లు.

నిజానికి నేను వెళ్లింది స్కిమ్మర్ అనే పిట్ట కోసం. రాలేదు.

దగ్గర్లోనే ఒక కర్లూ వంకీ ముక్కుని మొదలంటా బొరియలో దింపి పీతను లాగింది. కాలు పట్టుకుని విదిలిస్తే కాలు ఊడింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ ఊడాక మిగిలింది మింగేసింది. పీతల పులుసు రోజు నేనూ ఇంత నీటుగా తినను.

వల భుజానేసుకుని వెళ్తున్నాయన ఆగాడు. "సైబీరియా పిట్టలాండి?"

మనవాళ్లకి కాస్త పెద్ద పిట్ట ఏది కనిపించినా సైబీరియాదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులకీ (పెలికాన్లకి) ఆ పేరే పెట్టేశారు. అవి దేశవాళీవే మహాప్రభో! నిజంగా ఆర్కిటిక్‌లో పుట్టి వచ్చే ఈ పాతిక గ్రాముల స్టింటును మాత్రం ఎవరూ పట్టించుకోరు. పైగా ఈ స్టింట్లలో తల్లిదండ్రులు ముందే వచ్చేస్తాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలు తర్వాత వాటంతటవే బయల్దేరతాయి. పక్కనే ఉన్న సర్పవరం నుంచి ఇక్కడికి మొదటిసారి నేను మ్యాప్ పెట్టుకుని వచ్చాను.

ఆయనకి బైనాక్యులర్స్ ఇచ్చాను. "ఇదాండి? ఇంతేనా!" అన్నాడు. అన్నాడే గానీ, ఐదు నిమిషాలు కళ్ల మీంచి దించలేదు.

ఇంతలో ఓ కుక్క పరిగెత్తుకొచ్చింది. గుంపంతా ఒక్కసారి లేచింది. ఒక వైపు తిరిగితే తెల్లగా మెరిసింది, రెండో వైపు తిరిగితే బురదలో కలిసిపోయింది. అది చూస్తూ అడుగేశాను, చెప్పు దిగబడింది. వంగి లాగుతుంటే ఇంటి నుంచి ఫోన్.

"వచ్చేటప్పుడు పీతలేమైనా దొరుకుతాయేమో చూడండి."

కర్లూ వైపు చూశాను. అది ఇంకో బొరియ దగ్గరుంది.