మా అబ్బాయి కొన్న కాట్

పోయిన ఆదివారం మాంచెస్టర్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, నిన్ననే కాట్ కొన్నాం" అన్నాడు. నా గుండె గుభేలుమంది. "అంటే ఇన్నాళ్ళూ నేల మీదే పడుకున్నార్రా? నెలలు నిండిన పిల్ల కదరా!" అన్నాను.

అవతల కోడలు ఒకటే నవ్వు. "కాదత్తయ్యా, ఇక్కడ కాట్ అంటే పసిపిల్లల మంచం. చుట్టూ చువ్వలుంటాయే, అది."

మా పర్లాకిమిడిలో ఏ ఫర్నిచర్ షాపుకి వెళ్ళినా డబుల్ కాట్, దివాన్ కాట్ అనే అడుగుతాం. నాకేం తెలుసు! అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూతుర్ని అడిగితే అది ఇంకోటి చెప్పింది. వాళ్ళకి కాట్ అంటే మడత మంచమట, పసివాళ్ళదేమో క్రిబ్. క్రిబ్ అంటే అసలు అర్థం పశువులు మేత తినే గాడి. ఈ సంగతి మాత్రం కోడలికి చెప్పలేదులెండి.

గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసిన ఊరు మాది. మాటల పిచ్చి ఇక్కడి నీళ్ళలోనే ఉందేమో, ఊరుకోలేక నిఘంటువు తీశాను. తీరా చూస్తే కాట్ మన దగ్గర్నుంచి వెళ్ళిందే! హిందీ ఖాట్, 1630ల నాటికే ఇంగ్లీషులో చేరింది. ఓడల్లో నావికులు వేలాడదీసుకునే గుడ్డ పడకని కూడా కాట్ అన్నారు. పాత ఇంగ్లీషు పద్యాల్లో గుడిసెకి కాట్ అని వస్తుంది గానీ, అది వేరే మాట, దీనికి చుట్టం కాదు.

ఖాట్‌కి మూలం సంస్కృతం ఖట్వ. మా పక్కింటి ఒడియా ఆవిడ ఇరవై ఏళ్ళుగా అంటున్న ఖటొ కూడా ఈ గూటిదే. ఆ ఖట్వ ద్రావిడ భాషల నుంచే సంస్కృతంలోకి వెళ్ళి ఉంటుందని కొందరు భాషావేత్తల మాట. తమిళంలో మంచాన్ని కట్టిల్ అంటారు మరి.

కట్టిల్ అని చదవగానే నాకు మా తాతగారు కట్టిన నులక మంచం కళ్ళముందు కదిలింది. ఆయన కాలితో కోడు తన్నిపెట్టి తాడు లాగుతుంటే, అవతలి కొస పట్టుకోవడం నా పని. అరచేతులు మండిపోయేవి. వదిలేస్తే తిట్లు.

ఆ మంచం ఇంకా మా పెరటి వసారాలో ఉంది. నడుమ జారి ఉయ్యాలలా అయిపోయింది. వేసవికి పిల్లాణ్ణి తీసుకొస్తామంటున్నారు. నులక అల్లేవాడు మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో ఒకడున్నాడట, కబురు పెట్టాలి.