నా పాన్ మీద మరొకరి అప్పు: 66-సి సెక్షన్ వరకు నా అనుభవం

ఇంటి రుణానికి దరఖాస్తు చేసినప్పుడు హన్మకొండలోని బ్యాంకు అధికారి నా క్రెడిట్ నివేదిక తీసి, యాప్ ద్వారా అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ సంస్థకు నేను చాలా నెలలుగా ఈఎంఐలు కట్టడం లేదని చెప్పారు. ఆ సంస్థ పేరు వినడమే నాకు అదే మొదలు. పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఇంటిపేరుతో సహా పేరు నావే. మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం నావి కావు.

ముందుగా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేశాను. ఖాతాలోంచి పోయిన సొమ్ము చేతులు మారకుండా ఆపడానికి ఆ నంబరు ఎంతో ఉపయోగపడుతుంది. నా ఖాతాలోంచి రూపాయి కూడా పోలేదు కాబట్టి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, దాని నకలుతో సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లమన్నారు. ఈలోగా టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుంటే నా పేరు మీద నాకు తెలియని సిమ్ ఒకటి నడుస్తోంది. రుణ దరఖాస్తులో ఉన్నది ఆ నంబరే.

రుణ సంస్థతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. దరఖాస్తు ప్రతి, కేవైసీ పత్రాలు, సెల్ఫీ, డబ్బు జమ అయిన ఖాతా వివరాలు ఇమ్మని రాతపూర్వకంగా అడిగితే, కొంత మొత్తం కడితే సెటిల్ చేస్తామని జవాబిచ్చారు. ఈ స్థితిలో ఉన్నవారికి నేను గట్టిగా చెప్పదలచింది ఇదే: ఆ దారికి ఒప్పుకోవద్దు. ఒక్క రూపాయి కట్టినా అప్పు మనదేనని ఒప్పుకున్నట్టు వాదించే వీలు వారికి దొరుకుతుంది, పైగా ‘సెటిల్డ్’ అన్న ముద్ర నివేదికలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. నెల గడిచినా పత్రాలు రాకపోవడంతో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశాను. ఆ తర్వాతే అవి అందాయి. పాన్ కార్డు నకలులో నంబరు నాది, ఫొటో వేరే ఎవరిదో. డబ్బు నా పేరుతో మరో రాష్ట్రంలో తెరిచిన ఖాతాకు వెళ్లింది.

క్రెడిట్ సమాచారం సిబిల్ ఒక్కదానిలోనే ఉండదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లలోనూ చూసుకోవాలి; ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అభ్యంతరం తెలిపిన 30 రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది. నా నివేదికలన్నీ చివరికి శుభ్రపడ్డాయి.

ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాశారో చూసినప్పుడే అసలు లోపం తెలిసింది. వరంగల్ కోర్టులో న్యాయవాది అయిన మా బావగారు కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ వివరించారు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మరొకరిలా నటించి మోసగించడానికి పాత ఐపీసీలో మూడేళ్లే ఉండగా, 2024 జులై 1 నుంచి అమలైన సంహితలోని 319 సెక్షన్ దాన్ని ఐదేళ్లు చేసింది. ఇది మేలే. అయితే ఈ సెక్షన్ల దృష్టిలో మోసపోయి సొమ్ము పోగొట్టుకున్నది రుణ సంస్థ, నేను సాక్షిని. నన్ను నేరుగా బాధితురాలిగా గుర్తించేది సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో గుర్తింపు చౌర్యాన్ని శిక్షించే 66-సి ఒక్కటే. దాని కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2009 అక్టోబరులో అమలులోకి వచ్చిన ఆ పరిమితి నేటికీ అక్కడే ఉంది. అదే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతో సిమ్ పొందినా మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఒక మనిషి గుర్తింపుకు సిమ్ కార్డుకు ఉన్నంత విలువైనా చట్టంలో లేకపోవడం నన్ను నిజంగా బాధించింది.

ఇక్కడ మూడేళ్లన్న అంకెకు మరో ప్రభావం ఉంది. ఐటీ చట్టం 77-బి ప్రకారం మూడేళ్ల శిక్ష ఉన్న నేరం బెయిలబుల్, అంటే నిందితుడికి బెయిలు హక్కుగా దొరుకుతుంది. 77-ఎ ప్రకారం శిక్ష మూడేళ్లకు మించకపోతే సాధారణంగా రాజీకి వీలుంది. గరిష్ఠ శిక్షను ఐదేళ్లకు పెంచితే ఈ రెండు వెసులుబాట్లూ తొలగిపోతాయి.

అమెరికాలో ఈ మార్పు రెండు అంచెల్లో వచ్చింది. గుర్తింపు పోగొట్టుకున్న వ్యక్తినే బాధితుడిగా చూడటం 1998 చట్టంతో మొదలైంది. అంతవరకు నష్టపోయిన రుణదాతలనే బాధితులుగా లెక్కించేవారు. 2004 చట్టం, నిర్దేశిత నేరాలు చేసేటప్పుడు మరొకరి గుర్తింపును వాడుకుంటే, అసలు నేరానికి పడే శిక్ష ముగిశాక విడిగా మరో రెండేళ్లు తప్పనిసరి చేసింది. ఆ సెక్షన్‌ను అతిగా వాడుతున్నారన్న అభ్యంతరంపై 2023లో అక్కడి సుప్రీంకోర్టు, గుర్తింపు దుర్వినియోగం నేరానికి కేంద్రంగా ఉన్నప్పుడే అది వర్తిస్తుందని స్పష్టం చేసింది. మనమూ ఆ హద్దు ముందే రాసుకోవచ్చు. న్యాయమూర్తికి వెసులుబాటు లేని కనీస శిక్షను నేను కోరడం లేదు.

నా కేసులో ఛార్జిషీటు దాఖలైంది, నిందితుడు బెయిలుపై ఉన్నాడు. 66-సి శిక్షను ఐదేళ్లకు పెంచాలని, జరిమానా సొమ్ములోంచి గుర్తింపు పోగొట్టుకున్న వ్యక్తికి పరిహారం ఇవ్వాలని కోరుతూ కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖకు వినతిపత్రం పంపాను. దానికి ఎఫ్‌ఐఆర్ నకలు, రుణ సంస్థ పంపిన సెటిల్‌మెంట్ లేఖ జతపరిచాను.