వరద తీశాక కాళ్లు పోయాయి

మా చర్చిలో ఎవరు జబ్బు నుంచి కోలుకున్నా సాక్ష్యం చెప్పమంటారు. నన్నూ అడిగారు, చెప్పాను, కానీ విన్నవాళ్లలో కొంతమందికి అది అంతగా రుచించలేదు. రాత్రి ప్రార్థన చేస్తే పొద్దున్నే లేచి నడిచిందని వినాలని వాళ్ల ఆశ. నాది అలా జరగలేదు. నెలలు పట్టింది, ఖరీదైన మందు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా అయిపోలేదు. అయినా నన్ను లేపింది దేవుడే అంటాను. ఇది మైకు ముందు ఐదు నిమిషాల్లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది విజయవాడ సింగ్ నగర్. ముందు గదిలో కుట్టు మిషన్, ఓవర్‌లాక్ మిషన్, ఇంటి సంపాదనలో సగం అక్కడిదే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అంటారని చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆ ఏరు మా గుమ్మంలోకి వచ్చేదాకా దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్లల్ని, గ్యాస్ బండని, సర్టిఫికెట్ల సంచిని పైవాటా వాళ్లింట్లోకి చేర్చేసరికి కింద నడుం లోతు నీళ్లు. మిషన్లు ఎత్తే టైం ఎక్కడిది? దసరాకి కుట్టాల్సిన జాకెట్లు, కస్టమర్లు ఇచ్చిన కొలత జాకెట్లు, పట్టు ముక్కలు అన్నీ ఆ బురదలోనే. రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. పడవల్లో, ట్రాక్టర్ల మీద, ఆఖరికి డ్రోన్లతో కూడా తిండి పొట్లాలు వచ్చాయి. నీళ్లు తీశాక మా ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి కూడా. ఇక ఇల్లు కడుక్కోవడం, కస్టమర్లకి మొహం చూపించడం మిగిలాయి అనుకున్నాం.

దసరా రోజులు మొదలయ్యేసరికి నాకు అరికాళ్లలో తిమ్మిరి. నీళ్లలో నాని నాని అలా అయిందనుకున్నాం. మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు నిలవలేదు, ఆ తర్వాత నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాల్సి వచ్చింది, నడుము నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదు. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌లో చూపిస్తే టెన్షన్ అమ్మా, వరదకి అందరికీ ఇలాగే ఉంది అని బలానికి సూది వేసి పంపించారు. ఆ సాయంత్రం కత్తెర పట్టుకుంటే వేళ్లు మూసుకోలేదు. ఇరవై ఏళ్లుగా పట్టుకున్న కత్తెర అది. అప్పుడు భయపడ్డాను.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూసింది. కాలు ఉలకలేదు, పలకలేదు. నరాల పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు, జీబీఎస్. 2025 మొదట్లో పుణేలో చాలామందికి వచ్చాక ఆ పేరు అందరి నోళ్లలోనూ పడింది గానీ అప్పటికి మా వీధిలో ఎవరూ వినలేదు. క్రిమి మీద పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తే దారి తప్పి మన నరాల మీద పడుతుందట, ఆ విరేచనాలే దీన్ని రేపి ఉండొచ్చట. కింద నుంచి పైకి పాకుతుంది, ఛాతీ దాకా వస్తే వెంటిలేటర్ మీద పెట్టాల్సి రావచ్చు, అందుకే ఐసీయూలో ఉంచుతున్నాం అన్నారు.

అక్కడ నాకు దేవుడి మీద కోపం వచ్చింది. మిషన్లు పోయినప్పుడు రాలేదు, ఇప్పుడు వచ్చింది. మిషన్ తీసుకున్నావు సరే, దాన్ని తొక్కే కాళ్లు కూడానా అని అడిగాను. జవాబేమీ రాలేదు. జవాబు వచ్చిందని చెబితే సాక్ష్యం బాగుండేది.

మా చర్చి నుంచి ఒకావిడ వచ్చి, సూదులతో ఏముందమ్మా, ఇంటికి తీసుకెళ్లి నూనె రాసి ఉపవాస ప్రార్థన పెట్టిద్దాం, విశ్వాసం ఉంటే చాలు అంది. మా ఆయన అటూ ఇటూ ఊగాడు కూడా. పక్కనే ఉన్న పాస్టరమ్మగారు కొంచెం గట్టిగానే అన్నారు, "సువార్త రాసిన లూకా ఎవరు తల్లీ, వైద్యుడే కదా. నువ్విక్కడే పడుకో, ప్రార్థన చెయ్యడానికి మేమే ఇక్కడికి వస్తాం" అని. నా మటుకు నాకు ఆ వారంలో దేవుడి మాట ఏదైనా వినపడిందంటే అదే. నరాల జబ్బు వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి లాక్కెళ్లడాన్ని విశ్వాసం అనేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇమ్యునోగ్లోబులిన్ అని ఐదు రోజుల కోర్సు. బయట కొనాలంటే లక్షలు, మాకు అక్కడ ఉచితంగా ఎక్కించారు. దాన్ని వేలమంది దానం చేసిన ప్లాస్మా నుంచి తీస్తారని నర్సమ్మ చెప్పింది. ఆ వేలమందిలో ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో ఎవరికి తెలుసు, వాళ్లందరి కోసం పడుకునే ప్రార్థన చేశాను. అప్పటికి మొహం ఒక పక్క వాలిపోయింది, మాట ముద్దగా వస్తోంది, కన్ను మూతపడక టేపు అంటించారు. ఊపిరి ఎంత నిలుస్తుందో చూడ్డానికి గుక్కతిప్పుకోకుండా అంకెలు లెక్కపెట్టమనేవారు. నేను "ప్రభువా ఒకటి, ప్రభువా రెండు" అని మొదలెడితే నర్సమ్మ, "ముందు అంకెలు చెప్పమ్మా, దేవుడికి వినపడుతుందిలే" అంది. రోజురోజుకీ తగ్గుతూ వచ్చిన అంకెలు ఒకచోట ఆగాయి, తర్వాత మెల్లగా పెరిగాయి. వెంటిలేటర్ దాకా పోలేదు.

పట్టు ముక్క పాడైన కస్టమర్లలో ఒకావిడ, గొడవ పెట్టుకుంటుందని నేను వణికిపోయిన మనిషి, ఇంద్రకీలాద్రి ఎక్కి నా పేరున అమ్మవారికి మొక్కుకుని కుంకుమ పొట్లంతో ఐసీయూ బయట నిలబడిందట. మా అత్తయ్య మొహం ఎలా పెట్టిందో ఊహించుకోగలను. నేను మాత్రం కళ్లకద్దుకుని దిండు కింద పెట్టించుకున్నాను.

పోయింది కింద నుంచి పైకి, వచ్చింది పైనుంచి కిందకి. ముందు మొహం, తర్వాత చేతులు. క్రిస్మస్‌కి ఇంట్లో కూర్చోగలిగాను గానీ పాదాలు ఇంకా చచ్చుగానే ఉన్నాయి. నరం లోపలి తీగ దెబ్బతింటే అది రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. నడుము నుంచి పాదం ఎంత దూరమో లెక్కేసుకుని ఏడ్చాను. మిడతలు తినేసిన సంవత్సరాల పంటని తిరిగి ఇస్తానని దేవుడన్నట్టు బైబిల్లో యోవేలు ప్రవక్త రాసిన మాటని పాస్టరమ్మగారు చదివింది ఆ రోజుల్లోనే. మా నాన్నది వ్యవసాయం, తినేసిన చేనులో తెల్లారేసరికి కంకులు రావని నాకు వేరే చెప్పక్కర్లేదు. దున్నాలి, మళ్లీ చల్లాలి. దేవుడు ఇస్తాడనడానికీ అది నెమ్మదిగా రావడానికీ గొడవేమీ లేదని అప్పుడు మనసుకి పట్టింది, తర్వాత ఫిజియోథెరపీకి ఏడవకుండా వెళ్లాను, అంటే తక్కువ ఏడ్చాను.

చేతులు వచ్చాయి కదా అని చీరలకి ఫాల్స్ కుట్టడం, జాకెట్లకి హుక్స్ వెయ్యడం మొదలెట్టాను, పక్క వీధి టైలర్లు పని పంపేవారు. మిషన్ హెడ్‌ని మా ఆయన డీజిల్‌తో కడిగి, తుప్పు గీకి, ఆయిల్ పోసి తిప్పాడు. ఓవర్‌లాక్ మిషన్ మాత్రం పనికిరాకుండా పోయింది. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు వైరింగుకి, బియ్యానికి అయిపోయాయి. తొక్కడానికి కాళ్లు లేవు, మోటారు పెట్టినా పెడల్ నొక్కేది పాదమే. స్కూలు నుంచి వచ్చాక మా పెద్దది కింద కూర్చుని చేతులతో తొక్కుడు పలకని ఆడించేది, నేను పైన గుడ్డ నడిపేదాన్ని. వంకర కుట్లు వచ్చాయి, ఒకరిమీద ఒకరం అరుచుకున్నాం, అయినా మొదటి జాకెట్టు అలాగే కుట్టాం.

ఇప్పుడు వాకర్ లేదు, కర్ర లేదు. మిషన్ నేనే తొక్కుతున్నాను. సాయంత్రానికి అలసట కమ్ముతుంది, చీకట్లో అడుగు తడబడుతుంది, ఎడమ పాదం ఇంకా సరిగ్గా పైకి లేవదు కాబట్టి చెప్పుకి పట్టీ ఉంటుంది. ఎవరికైనా విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గిన తర్వాత రెండు కాళ్లకీ తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం మొదలైతే బలానికి సూది వేయించుకుని ఊరుకోకండి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లి నరాల డాక్టరుకి చూపించండి. మమ్మల్ని కూడా పిలవండి, ప్రార్థన చెయ్యడానికి వస్తాం. ఆటోలోనే రావాలి, సిటీ బస్సు మెట్టు నాకింకా ఎత్తే.