వేలిముద్రకు ముందు: అర్జీలు రాసే ఏఐతో జాగ్రత్తలు

ఏఐతో ముప్పు అనగానే ఉద్యోగాల మాటే ఎత్తుతారు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నాకు ముందు కనపడేది వేలిముద్ర. ఇక్కడి తెలుగు మనిషి గోడు తెలుగులో చెప్పుకుంటుంది, అర్జీ ఒడియాలో తయారవుతుంది, తను చదవలేని ఆ కాగితం మీద వేలు ఒత్తుతుంది. మధ్యలో రాతపని ఫోన్‌కి అప్పజెబితే తప్పు ఎక్కడ దూరుతుందో చూడాలి.

మాటను విని రాతగా మార్చే విస్పర్‌నే తీసుకోండి, 2022లో ఓపెన్‌ఏఐ ఉచితంగా వదిలింది. భాష ఏదో మనం చెప్పకపోతే, మొదటి 30 సెకన్లు విని ఒక భాష తేల్చుకుని రికార్డంతా అదేననుకుని రాసుకుపోతుంది. గుమాస్తా ఒడియాలో అడిగి, అవతల తెలుగులో జవాబొస్తే? పైగా దాని జాబితాలో తెలుగుంది గానీ ఒడియా లేనే లేదు! ఆ ప్రశ్నను ఏ బెంగాలీ కిందో జమకడితే వెనకొచ్చే తెలుగుకీ అదే గతి. అందుకని భాషను చేత్తో ఎంచండి, జవాబు మాత్రమే రికార్డు చెయ్యండి. మనిషి గుర్తుచేసుకుంటూ ఆగిన చోట అనని మాటలు పుట్టించే జబ్బు కూడా దీనికుంది, పొడుగాటి ఖాళీలు కత్తిరించాలి. రెండు భాషలూ కావాలంటే కేంద్ర ప్రభుత్వపు భాషా ఏఐ వేదిక భాషిణి ఉంది.

వాడేముందు ఊళ్లోవాళ్ల మాటలే ఓ 40 వాక్యాలు పెట్టి చూడండి. ముసలి గొంతులుండాలి, ఫ్యాను చప్పుడూ ఉండాలి. మారినవి, జారిపోయినవి, కొత్తగా చేరినవి కలిపి అసలు మాటల సంఖ్యతో భాగిస్తే తప్పుల శాతం. 200 మాటల్లో 12, 6, 4 అయితే 11 శాతం.

ఈ శాతం మీద నాకు పెద్ద గురి లేదు. పింఛను "అందలేదు" కాస్తా "అందింది" అయినా లెక్కలో ఒక్క తప్పే, "అండీ" ఎగిరిపోయినా ఒక్క తప్పే. పేర్లు, అంకెలు, లేదు-కాదులు విడిగా లెక్కపెట్టండి. ఒడియాలో పచిశ అంటే 25, పచాశ అంటే 50. తేడా ఒక్క అచ్చు. మొత్తాలూ ఖాతా నంబర్లూ చేత్తో నింపడమే మేలు.

తయారైన ఒడియాను తెలుగులో చదివి వినిపించేది రాయించినవాళ్లు కాకూడదు. వాళ్లు కాగితంలో ఉన్నది వదిలి తమకు గుర్తున్నది చదివేస్తారు. వేరేవాళ్లు చదివి, అడుగున తమ పేరు రాయాలి. ఆ తర్వాతే వేలిముద్ర. రికార్డు కాపీ అర్జీదారు ఫోన్‌లో కూడా ఉండాలి, అర్జీ తేలేదాకా.